ఎర్ర బటన్‌కు బొట్టు

సిద్దిపేట,
దీపావళి వెళ్లిన మూడో రోజు.

కాబోయే హైకోర్టు న్యాయమూర్తి, ప్రస్తుతానికి హాస్టల్ సాంబారు బాధితురాలు అయిన మరదలు వందనకు, బావ శైలేందర్ సగౌరవంగా విన్నవించేది.

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ఇన్నాళ్లూ మర్యాద కోసం రాసేవాడిని, ఇప్పుడు అధికారంతో రాస్తున్నాను. మొన్నటి నుంచి మీ బాపు జిన్నింగ్ మిల్లుకు సేఫ్టీ ఆఫీసర్ని నేనే. మెడలో కార్డు పడింది. కుర్చీ ఇంకా రాలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటని అడుగుతావు. నా ఫోన్ కొనిచ్చింది మామ. సిమ్ మామ పేరు మీద ఉంది. మన ఇంటి వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ కూడా మామే. ఇన్ని పదవులు ఒక్క మనిషి దగ్గర చేరినప్పుడు పౌరుడికి పోస్టాఫీసు మీద నమ్మకం పెరుగుతుంది.

మిల్లులో భద్రత అమోఘం. హెల్మెట్లు బీరువాలో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు విప్పలేదు. వాటికి దెబ్బ తగులుతుందని మామ భయం. తిరిగే బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి, లేదు. దాని జాగాలో ‘భద్రతే మా ఊపిరి’ అని రేకు బోర్డు నిలబెట్టారు. నినాదం ఒక మనిషిని కాపాడడం చూడాలంటే మా మిల్లుకే రావాలి.

నంగునూరు దిక్కు నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు మిషన్‌లోకి పత్తి తోస్తారు. రోలర్లు గింజను ఒక పక్కకు, దూదిని ఒక పక్కకు పంపుతాయి. రోలర్లకు పత్తికీ చేతికీ తేడా తెలియదు. అందుకే పక్కన పుట్టగొడుగులాంటి ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. ఏదైనా ఇరుక్కుంటే అరచేత్తో ఒక్కటి కొట్టాలి, మిషన్ అక్కడికక్కడ ఆగాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బటన్‌కు పసుపు రాసి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు. మెడలో ఎండిన బంతిపూల దండ. దసరా ఆయుధపూజ నాటివి. పొద్దున పని మొదలుపెట్టేముందు ఆడవాళ్లంతా దాన్ని వేలితో ముట్టుకుని కళ్లకు అద్దుకుంటున్నారు. వీళ్లకు సేఫ్టీ పాఠం చెబుదామని నేను చెయ్యి ఎత్తానో లేదో, మెకానిక్ కర్ణాకర్ ఉరికి వచ్చాడు.

“ఆగున్రి సారూ! గది ఒత్తద్దు!”

“ఎందుకే?”

“గది దేవునిది.”

“దేవుడు మిషన్ ఆపడా?”

“ఆయన సంగతి తెల్వది గని, మీ మామ నన్ను ఆపుతడు.”

పత్తి తోసే లిడియా నోట్లో కొంగు పెట్టుకుని నవ్వింది. “మేం చర్చికి పోయేటోళ్లం చిన్నసారు. అయినా షమ్షున్నీసా ఆపా సుత మొక్కుతది. నేనొక్కదాన్ని మొక్కకపోతే మిషన్‌కు నా మీద కోపమొస్తదని మొక్కుతున్న.”

మిల్లులో అందరికీ అక్కలాంటి ఆపా పక్కనుంచి అందుకుంది. “మొక్కుడు కాదు బేటా. సలామ్ చేస్తున్న. పెద్దదానికి సలామ్ చేస్తే తప్పేంది?”

చట్టం చదివే నీకు నా ధర్మసందేహం: బొట్టు పెట్టిన బటన్ యంత్రభాగం కిందికి వస్తుందా, దేవాదాయ శాఖ కిందికి వస్తుందా? తిరుగు టపాలో తీర్పు చెప్పు.

నీ బావ,
శైలేందర్
(నిలబడే అధికారి)


హనుమకొండ,
కార్తీక సోమవారం. ఉపవాసం. కాబట్టి కోపం.

శైలేందర్ బావకు,

నీ కవరు ఇచ్చి పోస్ట్‌మన్ “ఏం కేసమ్మా?” అని అడిగాడు. ఈ రోజుల్లో చేతిరాతతో వచ్చేవి నోటీసులేనట.

కార్ఖానాల చట్టం మాకు పోయిన ఏడాది చదివించారు. రాత్రంతా బట్టీపట్టి పాసయ్యాక, దాని బదులు కొత్త కోడ్ వచ్చింది, మళ్లీ చదవండి అన్నారు. చట్టం పేరు మారింది గానీ రోలర్ మారలేదు కదా అని మా సార్ ఓదార్చాడు. ఆయన చెప్పిందేంటంటే, పాతదైనా కొత్తదైనా తిరిగే భాగానికి అడ్డు పెట్టాలి. ప్రమాదం జరిగితే అధికారికి తెలపాలి. ముప్పు ఉందని తోస్తే పనిచేసేవాళ్లు నోరు తెరిచి చెప్పొచ్చు. అంతే. ఇది తెలుసుకోవడానికి డిప్లొమా అక్కర్లేదు. నీకు ఉన్నా లాభం కనబడలేదు.

కానీ బాపును వెక్కిరించకు. సైకిల్ మీద పత్తి బస్తాలు తోలిన మనిషి ఆ మిల్లు కట్టాడు. నీ మెడలో ఆ కార్డు వేసి నిన్ను నిలబెట్టాడు. జాలీ పెట్టించు. హెల్మెట్లు బీరువాలోంచి విడుదల చేయించు, బెయిలు నేనిస్తాను. బటన్ జోలికి మాత్రం పోకు. అది ఇంటి పూజ సంగతి. ఎందుకని అడగకు.

సాంబారు గురించి ఇంకోసారి రాస్తే పరువునష్టం దావా వేస్తాను.

వందన


సిద్దిపేట,
మరుసటి వారం, మంగళవారం.

వందనా,

ఈసారి బిరుదులు లేవు.

నిన్న షమ్షున్నీసా ఆపా దుపట్టా అంచు రోలర్‌కు చిక్కింది. లాక్కోబోయింది. చెయ్యి పోయింది లోపలికి. ఆమె అరుపు నాకు మిషన్ చప్పుడులో వినబడలేదు, లిడియా ఉరకడం చూసి తెలిసింది. లిడియా బటన్ మీద కొట్టింది. మిషన్ ఆగలేదు. మళ్లీ కొట్టింది. పిడికిలితో కొట్టింది. బంతిపూలు రాలిపడ్డాయి, పసుపు ఆమె చేతికి అంటింది, మిషన్ మాత్రం తిరుగుతూనే ఉంది. చివరికి కర్ణాకర్ అటు గోడ దాకా ఉరికి మెయిన్ స్విచ్ దించాడు.

కుడిచెయ్యి. రెండు వేళ్లు పోయాయి.

అందరం ఆ బటన్‌కు భయపడి ఒత్తలేదు. ఒత్తిన ఒక్క మనిషికే తెలిసింది, దాని వెనక తీగే లేదని.

దవాఖానలో మామ డాక్టరుతో “ఇంట్ల గ్రైండర్ల పడ్డది సార్” అన్నాడు. ఆపా ఒంటినిండా దూది. ఏ గ్రైండర్ దూది రుబ్బుతుందని ఆ డాక్టరూ అడగలేదు. అధికారికి కబురు పోలేదు. సాయంత్రం మామ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి, మొదటిసారి కుర్చీ చూపించాడు.

“కూసో శైలూ. సంతకం పెట్టు.”

“ఏమని మామా?”

“రేపు ఎవడన్న అడిగితే ఉంటది. బటన్ మంచిగ పనిచేస్తున్నది, ఆమెనే చూస్కోలేదు అని.”

“ఆమె ఇంట్ల గ్రైండర్ల కదా పడ్డది? మన మిల్లు బటన్ వాళ్లింటి గ్రైండర్‌ను ఎట్ల ఆపుతది మామా?”

మామ పెన్ను మూత తీశాడు, పెట్టాడు. రెండు అబద్ధాలు ఒకే గదిలోకి వస్తే కుర్చీ ఏదో ఒకదానికే సరిపోతుంది. ఈ సంగతి ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

“నువ్వు నా చెల్లె కొడుకువురా.”

“అందుకే ఇంకా కూసోని మాట్లాడుతున్న.”

లేచి వచ్చేశాను. ఇంటికి వస్తే అమ్మ అన్నం పెట్టి నా ముఖం చూడకుండా కూర్చుంది. “మా అన్నను బజార్ల నిలవెడతవా?” అంది. నేను కూర బాగుందన్నాను. ఇద్దరికీ ఆకలి లేదు.

ఇవాళ ఆపాను చూసి వచ్చాను. కట్టు పైకెత్తి పట్టుకుని కూర్చుంది. ఏం కావాలని అడిగితే ఆమె చెప్పింది ఇది, మాట మార్చకుండా రాస్తున్నాను:

“నాకేం వద్దు బేటా. సేట్ నోటితోని ఒక్క మాట అనాలె. నా చెయ్యి మిల్లుల పోయిందని. మా గల్లీల ఆడోళ్లు వచ్చి, ఇంట్ల సోయి లేకుంట చేస్కున్నవా అంటున్రు. ఇన్నేండ్లు పనిచేసిన నేను. నాకు సోయి లేదా?”

బటన్ జోలికి పోకన్నావు. ఎందుకని అడగకన్నావు. అడుగుతున్నాను.

శైలేందర్


హనుమకొండ,
గురువారం.

బావా,

అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు మిల్లు మూయించడానికే పుట్టావంది. మిల్లు మూతపడితే ఆ ఆడవాళ్లంతా ఎటు పోతారని బాపు అడుగుతున్నాడట. ఆ మాట నీకు రాద్దామనే పెన్ను పట్టాను. రాశాక చదువుకుంటే అది బాపు గొంతులా ఉంది, నాది కాదు. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ, నా బుద్ధి ఎటు పోయిందో నీకూ తెలియాలి.

నువ్వు హీరోవు కావద్దు. నీకు ఆ ముఖం లేదు.

కానీ ఆపా అడిగింది చిన్న కోరిక అనుకోకు. చట్టమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడుతుంది, ఎక్కడ జరిగింది అన్న దాని మీద. ఇంట్లో జరిగితే పలకరింపులు వస్తాయి. మిల్లులో జరిగితే ఇన్‌స్పెక్టర్ రావాలి, యజమాని జవాబు చెప్పాలి, ఆమెకు రావాల్సింది హక్కుగా రావాలి. బాపుకు ఇది తెలియక గ్రైండర్ అనలేదు.

నీ ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పలేను. ముందు నా ప్రశ్నకు చెప్పు. ఆ బటన్ ఎందుకు పనిచెయ్యలేదని బాపును అడిగావా? ఏమన్నాడు? నీ వెటకారం కలపకుండా, ఆయన అన్న మాట అన్నట్టే రాయి.

వందన


సిద్దిపేట,
శనివారం. దీన్ని హనుమకొండ బస్సు కండక్టర్ చేతికిస్తున్నాను, రాత్రికే అందుతుంది.

వందనా,

వెటకారం తీసిన మాట ఇది: “కొన్నప్పటి సంది అట్లనే ఉన్నది. కంపెనీవోడే గట్ల ఇచ్చిండు.” అందరి ముందూ అన్నాడు. కర్ణాకర్ నేల చూశాడు.

ఇక వెటకారం కలిపి మిగతా వార్తలు. నిన్న పొద్దున మిషన్ మళ్లీ నడపమని మామ ఆజ్ఞ. బటన్ చచ్చే ఉంది, దానికి కొత్త దండ వేశారు. నేను ఆ మిషన్ మెయిన్ స్విచ్ దించి, దాని డబ్బాకు నా బైకు తాళం వేశాను. మరమ్మతు చేసేటప్పుడు ఇలా తాళం వెయ్యాలని డిప్లొమాలో చెప్పారు. తాళం వేసినవాడు తప్ప ఎవరూ తియ్యకూడదు. నేను చదివిన చదువులో నాకు పనికొచ్చిన మొదటి వాక్యం అదే.

మామ కేక పెట్టాడు. “కర్ణాకర్! రంపం తే! కొయ్యి!”

కర్ణాకర్ తన పెట్టె తెరిచాడు. రంపం పైనే ఉంది. దాని మీద గుడ్డ కప్పాడు.

“యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు సేట్.”

“కండ్లు కనవడ్తలేవా?”

“కనవడ్తున్నయి సేట్. నాకు రోజూ గామె చెయ్యే కనవడ్తున్నది.”

మామ ఆడవాళ్ల వైపు తిరిగాడు. “పోయి కూసోన్రి, వేరే మిషన్ నడిపిస్త.”

లిడియా కొంగు బిగించింది. “కూసోం సేట్. గా బటన్ నేను కొట్టిన. రాయిని కొట్టినట్టున్నది. అన్నిటికి తీగ వెట్టున్రి, అప్పుడు కూసుంటం.”

“మీరు కాకుంటే వేరేటోళ్లు వస్తరు.”

“రానీ. వాళ్లకు సుత చెప్తం.”

ఆటో ఎక్కి వెళ్లిపోయారు. మామ నా మెడలోని కార్డు గుంజుకున్నాడు. దారం తెగింది, మెడ మీద గీరుకుంది. మిల్లులో ప్రమాదం జరిగితే అధికారికి తెలపాలని గుర్తుచేద్దామనుకున్నాను. సందర్భం కాదని ఊరుకున్నాను.

సోమవారం నుంచి వేరే ఊళ్ల ఆడవాళ్లను తెస్తాడట. బైకు తాళం ఎంతసేపు ఆగుతుంది? నీకు తెలిసింది నీ దగ్గరే పెట్టుకుంటే వాళ్లలో ఒకామె చెయ్యి పోతుంది.

మాజీ అధికారి,
శైలేందర్


హనుమకొండ,
ఆదివారం. దీన్ని కొరియర్‌లో పంపుతున్నాను, పోస్టు కోసం ఆగలేను.

బావా,

కొన్నప్పటి నుంచి అలాగే ఉంది అన్నాడు కదా. అయితే విను.

దసరాకు నేను ఇంట్లో ఉన్నాను. ఆయుధపూజకు ముహూర్తానికని మిషన్ ఉత్తగా నడుపుతుండగా అమ్మ అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. ఎర్ర బటన్‌కు కుంకుమ అద్ది, బొట్టు నిలవాలని వేలితో ఒత్తింది. మిషన్ ఆగిపోయింది. పంతులు మంత్రం మధ్యలో ఆపేశాడు. నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా ముహూర్తంలో మిషన్ ఆగడం బాపుకు అపశకునంగా తోచింది. కర్ణాకర్‌ను పక్కకు పిలిచి, “ఇగ ఇది ఒత్తినా ఆగద్దు” అన్నాడు. నేను విన్నాను.

ఆ బటన్ పనిచేసేది బావా. మంచిగా పనిచేసేది. బొట్టు పెట్టేంత చిన్న వేలి బరువుకే ఆగింది. దాన్ని ఆ మాత్రం పని కూడా చెయ్యనివ్వలేదు.

ఇన్‌స్పెక్టర్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపాను. ఆపాకు ఎక్కడ దెబ్బ తగిలిందో, బటన్ ఎప్పుడు పనిచేసిందో, ఎవరు ఆపించారో. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చట. నేను పేరు పెట్టాను. ఫిర్యాదు చేసేవారు: వందన. తండ్రి పేరు: రామేశ్వర్. ఎవరి మీద ఫిర్యాదు: రామేశ్వర్. రెండోసారి రాసేటప్పుడు చెయ్యి ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. మిషన్ లాగే.

తర్వాత బాపుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. దొంగచాటు పని చెయ్యదలచుకోలేదు. “గీ చట్టాలు నీకెవడు నేర్పిండే?” అన్నాడు.

“ఫీజు నువ్వే కట్టినవ్ బాపు” అన్నాను.

పెట్టేశాడు.

వందన


సిద్దిపేట,
మార్గశిరం, చలి మొదలైంది.

తండ్రి పేరు రెండుసార్లు రాసిన మహామహురాలు వందన సముఖానికి,

నా ముఖం హీరోది కాదని నువ్వన్న మాట నిజమే. ఈ కథకు హీరో మీ అమ్మ.

ఆ సోమవారం కొత్త ఆడవాళ్ల ఆటో రావడం, ఇన్‌స్పెక్టర్ మేడమ్ జీపు రావడం ఒకేసారి జరిగాయి. బీరువా తెరిచే సమయం కూడా చిక్కలేదు. మేడమ్ నన్నూ, లిడియానూ పిలిపించింది. మామ ధైర్యంగా మొదలుపెట్టాడు. “కొన్నప్పటి సంది ఇట్లనే ఉన్నది మేడమ్. కంపెనీ తప్పు.”

సరిగ్గా అప్పుడు మీ అమ్మ, అదే విమలమ్మ అత్తమ్మ, చాయ్ పళ్లెంతో వచ్చింది. ఇంటికొచ్చిన ఆడమనిషిని ఆమె ఉత్తచేతులతో పంపదు కదా.

“అయ్యో, గట్లెందుకు మేడమ్? మస్తు మంచిగ పనిచేసేది. దసరకు నేను బొట్టు వెట్టంగనే టక్కున ఆగె. ఎంత అపశకునం! ఆయననే గద తీగలు తీపిచ్చింది.”

మామ దగ్గాడు. అత్తమ్మ ఆయనకు నీళ్లు ఇచ్చింది. మేడమ్ చాయ్ మొత్తం తాగి, కప్పు కింద పెట్టి, మెల్లగా అడిగింది. “దసర నాడే తీపిచ్చిన్రా అమ్మా?”

“లేదు లేదు, తెల్లారి. పండుగ పూట పనిముట్టు ముట్టద్దు గద! మేం నియమం తప్పం మేడమ్.”

నియమం తప్పని ఇల్లు మనది. చట్టం ఒక్కటే మధ్యలో అడ్డం వచ్చింది.

కర్ణాకర్ కూడా నోరు విప్పాడు. మిషన్‌కు సీలు పడింది. తీగలు కలిపి, జాలీలు బిగించి, తిరిగి చూపించేదాకా నడపకూడదన్నారు. కేసు నడుస్తుంది. అయినా మామ ఒక్క ముక్క దగ్గర గట్టిగా నిలబడ్డాడు. బటన్ సంగతి వేరు, ఆమెకు దెబ్బ తగిలింది ఇంట్లోనే అని. ఆడవాళ్లు చెప్పారు, నేను చెప్పాను, ఆయన మాత్రం గ్రైండర్ వదల్లేదు.

నిన్న మళ్లీ చూపించే రోజు. మేడమ్ వచ్చింది. పాత ఆడవాళ్లందరూ వచ్చారు. “ఎవరన్న ఒకరు ఒత్తి చూపించండి” అంది మేడమ్. లిడియా ఒత్తింది. మిషన్ టక్కున ఆగింది. బటన్ తిప్పి లేపి మళ్లీ నడిపారు. తర్వాత ఇంకొకామె వచ్చి ఒత్తింది. ఆగింది. ఇంకొకామె. వరస కట్టారు వందనా, బతుకమ్మలెత్తుకుని చెరువుకు పోయేవాళ్లలా. మొక్కడం లేదు, కళ్లకు అద్దుకోవడం లేదు. చెయ్యి ఎత్తి ఒక్కటి కొట్టడం, ఆగిందా లేదా చూడడం.

మామ వల్లకాక అన్నాడు. “ఎన్నిసార్లు ఆపుతరమ్మా?”

“నమ్మకం కుదిరేదాక సేట్” అంది లిడియా.

చివరికి షమ్షున్నీసా ఆపా వచ్చింది. కుడిచేతికి కట్టు ఉంది. ఎడమ అరచెయ్యి బటన్ మీద పెట్టి, తొందర లేకుండా ఒత్తింది. మిషన్ ఆగింది. కర్ణాకర్ బటన్ తిప్పి లేపడానికి వచ్చాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.

“సేట్. నా చెయ్యి యాడ పోయింది?”

పైనుంచి దూది రాలుతోంది.

“పనికి టైమైతున్నది ఆపా” అన్నాడు మామ.

“కానియ్యి. నేను ఇంట్ల పడ్డదాన్ని గద, నాకేం పనున్నది? నిలవడ్త.”

మామ మేడమ్‌ను చూశాడు. అత్తమ్మను చూశాడు. ఆమె ఈసారి చాయ్ తేలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. మా అమ్మ కూడా వచ్చింది, గేటు దగ్గర నిలబడింది. తన అన్న ముఖం చూసి తల తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు.

“యాడ సేట్?”

“...గీడనే.”

“గీడ అంటె?”

“గీడనే. మా మిల్లుల.”

మేడమ్ పెన్ను కదిలింది. ఆపా అప్పుడు కూడా చెయ్యి తియ్యలేదు.

“ఇంకోపారి. మా గల్లీ దాక వినవడాలె.”

“నా మిల్లులనే పోయింది ఆపా నీ చెయ్యి!” మామ గొంతు పగిలింది. అది కోపమో ఏడుపో నాకు తెలియలేదు, నిజంగానే తెలియలేదు.

ఆపా బటన్ తానే తిప్పి లేపింది. దుపట్టా ఒంటి చేత్తో నడుముకు చుట్టి, పళ్లతో ముడి బిగించింది. వెనక్కి జరిగి నిలబడింది.

“ఇగ నడుపున్రి” అంది.

శైలేందర్